కారే విమానం, కారకూడని గొట్టం

ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్ విమానం గురించి మన ఐటీ జనాలకి తెగ నచ్చే కథ ఒకటుంది. నేల మీదుంటే ఇంధనం కారేదిట, పైకెళ్ళాక వేడికి లోహం సాగి సందులు మూసుకునేవిట. బగ్ కాదు, ఫీచర్ అన్నమాట! సగమే నిజం లెండి.

1964లో తొలిసారి ఎగిరిన ఈ విమానం ధ్వని కంటే మూడు రెట్లు పైగా వేగంతో పోయేది. ఆ వేగంలో పైతొడుగు వేడి 200 డిగ్రీలు దాటేది. అందుకే టైటానియంతో కట్టారు. లోపల వేరే ట్యాంకు పెడితే బరువు దండగని తొడుగునే ట్యాంకు గోడగా వాడారు. అతుకుల్లో పూసిన సీలెంటు ప్రతి ట్రిప్పుకీ వేడెక్కి, చల్లారి, పగిలేది. కారడం అక్కణ్ణుంచే. ఎవరూ కోరి పెట్టింది కాదు, ఆపలేకపోయారంతే.

మరి ఎలా నెట్టుకొచ్చారు? జేపీ-7 అనే ఆ ఇంధనం ఓ పట్టాన అంటుకోదు. పైగా ఏ చోట నిమిషానికి ఎన్ని చుక్కలు కారొచ్చో లెక్క రాసి పెట్టుకున్నారు. లెక్క దాటితే రిపేరే.

ఇప్పుడు మన వైజాగ్‌కి రండి. 1957లో కాల్టెక్స్ పెట్టిన రిఫైనరీ తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికొచ్చింది. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం, ఓడలోంచి ట్యాంకులోకి ఎల్‌పీజీ దించుతుంటే లీకైంది. ఆ గ్యాసు గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది, చిన్న నిప్పురవ్వ చాలు. సుమారు 60 మంది పోయారు. ఇక్కడ "ఇన్ని చుక్కలు పర్లేదు" అనే లెక్కే కుదరదు.

2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై మళ్ళీ ప్రాణాలు పోయాయి. ట్యాంకు పైభాగంలో వేడి కొలిచే ఏర్పాటే లేదని విచారణలో తేలింది.

అక్కడ రోజూ కారే విమానం కింద నిలబడి చుక్కలు లెక్కపెట్టారు. ఇక్కడ ఊరి మధ్యనున్న ట్యాంకుకి పైన ఒక థర్మామీటరు లేకపోయింది. లీకు కాదండీ భయపెట్టేది, దాన్ని ఎవరూ కొలవకపోవడం.