ఎవరూ పట్టించుకోని గంట

స్వర్ణోత్సవ సంచికకు మన బడి కంప్యూటర్ గది గురించి రాయమని సంఘం మిత్రులు అడిగారు. దాతల పేర్లు గోడ మీద పలకలో ఉన్నాయి. పలకకెక్కని సంగతి ఒకటుంది. అందులో నా తొందరపాటు కూడా ఉంది.

2006లో మనవాళ్లం 12 పాత కంప్యూటర్లు పోగుచేసి బడికి ఇచ్చాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగి కేబుళ్లు కొన్నాం. లినక్స్ ఎక్కించే పని నాది. వారం తిరక్కుండానే 4 యంత్రాల్లో నెట్‌వర్క్ పడిపోయింది. ‘కార్డులు పోయాయి’ అనేశాను, తెర వైపు చూడకుండానే. అయితే పాత సామానువాడికి ఇచ్చేద్దామన్నారు హెడ్మాస్టరుగారు.

మర్నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తెర మీద కనబడిన మాట కాగితం మీద రాసుకొచ్చింది: ‘ఐఆర్‌క్యూ 11: నోబడీ కేర్డ్’. “ఎవరూ పట్టించుకోలేదంటోంది సార్. ఎవర్ని?” అని అడిగింది.

జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. తొలి కంప్యూటర్లలో ప్రాసెసరే ప్రతి పరికరం దగ్గరికీ వెళ్లి ‘పని అయిందా?’ అని అడుగుతుండేది. సమయమంతా అడగడానికే సరిపోయేది. 1954 నాటి అమెరికా యంత్రం డైసియాక్‌లో పరికరమే ప్రాసెసర్‌ను పిలిచే ఏర్పాటు వచ్చింది. అదే ఇంటరప్ట్. మన భాషలో తలుపు గంట. గంట ఏ క్షణాన మోగుతుందో తెలియదు కనుక తప్పు జరిగితే మళ్లీ అదే తప్పును పట్టుకోవడం కష్టం. 1950ల చివర్లో డచ్చి యంత్రం ఎక్స్1కు ఈ భాగం రాసిన డైక్‌స్ట్రా భయపడింది అందుకే. మన ఊరి పక్కనే 1967లో ఈసీఐఎల్ వెలిసి, 1969లో టీడీసీ-12 తెచ్చేనాటికి మినీ కంప్యూటర్లకు ఈ గంట మామూలైపోయింది.

1981 నాటి ఐబీఎం పీసీలో గంటలు 8. 1984లో రెండో చిప్ చేరాక వాడుకకు 15 మిగిలాయి. పరికరాలు పెరిగాయి, గంటలు చాలలేదు. 1990లలో వచ్చిన పీసీఐలో ఒకే గంటను నలుగురు పంచుకోవచ్చు. కానీ ఒక షరతుంది. గంట నొక్కిన పరికరాన్ని దాని డ్రైవర్ వచ్చి ఊరుకోబెట్టేదాకా గంట మోగుతూనే ఉంటుంది.

మా 4 యంత్రాల్లో జరిగింది ఇదీ. బోర్డులోని బయోస్ ఒక యూఎస్‌బీ పరికరం గంట నంబరును కెర్నల్‌కు తప్పుగా చెప్పింది. అది మోగిస్తున్నది 11; దాని డ్రైవర్ కాచుకున్నది మరో గంట దగ్గర. 11 దగ్గరున్న నెట్‌వర్క్ డ్రైవర్ ‘నాది కాదు’ అంటోంది. గంట ఆగదు. కెర్నల్ లెక్కపెడుతుంది. 1,00,000 మోతల్లో 99,900కు మించి ఎవరూ పలకకపోతే, మిగతా యంత్రాన్ని కాపాడుకోవడానికి ఆ గంటనే మూసేస్తుంది. పాపం, అదే గంటను నమ్ముకున్న నెట్‌వర్క్ కార్డు కూడా మూగబోతుంది. అంటే నేను పోయిందన్న కార్డు ఏ తప్పూ చేయలేదు.

బయోస్‌ను దిద్దే దారి మాకు లేదు. యంత్రం మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే వరుసలో ‘ఐఆర్‌క్యూపోల్’ అన్న ఒక్క మాట చేర్చాం. అప్పుడు ఎవరిదో తెలియని గంట మోగితే కెర్నల్ డ్రైవర్లందరినీ అడుగుతుంది. గడియారం టిక్కుమన్నప్పుడల్లా కూడా ఒకసారి అడిగి వస్తుంది. 1954కు ముందటి పాత పద్ధతే మళ్లీ అక్కరకొచ్చింది. యంత్రాలు కాస్త నెమ్మదించాయి గానీ నాలుగూ నడిచాయి. పాత సామాను బండి ఖాళీగా వెళ్లింది.

ఆ అమ్మాయి కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఈ సంచిక విడుదల రోజున దాన్ని బడికి అప్పగిస్తాను. దాతల పలక కింద పెట్టమని నా మనవి.