పెదవి తగలని పద్యాల నుంచి పెద్దయ్యగారి పెళ్ళి దాకా

మంచి రచయితకు ఉండవలసిన లక్షణాలేమిటి అని అడిగితే మన ఆలంకారికులు మూడు చెబుతారు: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం. మొదటిది పుట్టుకతో రావాలి, రెండవది చదివి సంపాదించాలి, మూడవది చెయ్యగా చెయ్యగా పట్టుబడుతుంది. ఈ మూడూ ఉంటే చాలునని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం మా మామ్మ వల్ల సడలింది.

కళాశాలలో చదివే రోజుల్లో 1953 నాటి గోదావరి వరద మీద ఒక వ్యాసం రాశాను. అది మామ్మ కళ్ళారా చూసిన వరద. చిన్నప్పుడు ఆవిడ పక్కలో పడుకుని విన్న కథ. దాన్ని పొడుగాటి సమాసాలతో అలంకరించి, కళాశాల సంచికలో అచ్చయ్యాక కోనసీమలోని మా ఊరికి పట్టుకెళ్ళి చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా ఓపికగా విని, "బావుందిరా నాన్నా. ఇంతకీ ఈ వరద ఏ ఊళ్ళో వచ్చింది?" అంది. తన వరదను తానే పోల్చుకోలేకపోయింది.

ఆ తరువాత కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితాన్ని చదువుతుంటే నాకు పదే పదే ఈ సంగతే గుర్తుకు వచ్చేది.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు. సంఘసంస్కర్తగా ఆయనను ఎరిగినంతగా యువకవిగా మనం ఎరగము. యౌవనంలో ఆయన రాసిన ఒక కావ్యం పేరు "శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము". ఆ పేరులో మూడు ప్రతిజ్ఞలున్నాయి. సంస్కృత పదం వాడరాదు. పెదవులు కలిసే ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలు రారాదు. పద్యాల నడుమ వచనం ఉండరాదు. దీని కష్టం తెలియాలంటే ఒక్క మాట చాలు. నలుడి కథలో నాయిక దమయంతి, ఆమె తండ్రి భీముడు. ఈ నియమంతో ఇద్దరి పేర్లూ పలకడానికి వీలులేదు! అమ్మ అనడానికి లేదు, పాప అనడానికి లేదు, మనం అనడానికీ లేదు. ఆలంకారికులు అడిగిన మూడూ నిండుగా ఉన్నవాడే ఈ పని చేయగలడు.

అటువంటి పనినే చేస్తూ ఉంటే ఆయన పండితుల జాబితాలో ఒక పేరుగా మిగిలేవారేమో. కానీ ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, 1874లో, ఆడపిల్లలకు బడి తెరిచారు; ఆ ఏడాదే "వివేకవర్ధని" పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి మంచి వచనమంటే చిన్నయసూరి నీతిచంద్రిక. పంతులుగారూ మొదట ఆ దారినే నడిచారు. అయితే లంచాల గురించి, కన్యాశుల్కం గురించి, బాల్యవివాహాల గురించి రాసింది జనానికి అర్థం కాకపోతే రాసి ప్రయోజనమేమిటి? క్రమంగా వచనాన్ని సులువు చేశారు. ప్రహసనాల్లో ఇంకో అడుగు వేసి, పాత్రల చేత ఇళ్ళలోనూ వీధుల్లోనూ వినబడే మాటలే ఆడించారు. ఆయన "బ్రాహ్మవివాహము" అని పేరు పెట్టిన ప్రహసనం జనం నోట "పెద్దయ్యగారి పెళ్ళి" అయింది. "వ్యవహార ధర్మబోధిని" కాస్తా "ప్లీడరు నాటకం" అయింది. పుస్తకానికి పాఠకులు తమ పేరు తాము పెట్టుకున్నారంటే అది వారి సొంతమైందనే కదా అర్థం!

ఇక్కడ మనం సాధారణంగా గమనించని విషయం ఒకటుంది. నిరోష్ఠ్యం రాసినవాడికి శత్రువులు ఉండనక్కరలేదు. అర్థమయ్యేలా రాసినవాడికి ఉంటారు, ఎందుకంటే అది ఎదుటిపక్షానికి కూడా అర్థమవుతుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించేనాటికి ఆయన మాట ఊరంతటికీ తెలుసు. బహిష్కారాలూ వైరాలూ ఆ స్పష్టతకు ఆయన చెల్లించిన మూల్యంలో భాగమే. సులభశైలి అంటే చాతకానితనం అనుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఆయన అక్కడితోనూ ఆగలేదు. వచన గ్రంథాలు ఎక్కువగా సరళ గ్రాంథికంలోనే రాసిన మనిషి, 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులయ్యారు. కార్యదర్శి గిడుగు రామమూర్తి పంతులుగారు. డెబ్బయ్యో పడి దాటబోతూ, తాను జీవితమంతా రాసిన భాషనే ప్రశ్నించే పక్షాన నిలబడటం! మరి మూడు నెలలకు, మే 27న, ఆయన కన్నుమూశారు.

ఈ గాలి గోదావరి సీమలో ఆయన ఒక్కరితో పోలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారికి చూపు పోయింది. రచనలు చెప్పి రాయించారు. నోటితో చెప్పిన వాక్యంలో ఊపిరికి అందని బరువు నిలవదు. గణపతి నవల చదువుతుంటే ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. పొలమూరు నుంచి వచ్చిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిది వైదిక కుటుంబం, సంస్కృతపు చదువు. అంత చదివీ, తన కథల్లో ఇంటి ఆడవాళ్ళ తెలుగునే పట్టుకున్నారు. ఆయన సంభాషణలు చదివితే మనిషి ముఖం కూడా కనబడుతుంది.

కనుక ఆ మూడింటికీ నేను నాలుగోది చేర్చుకున్నాను: కష్టపడి సంపాదించిన విద్యను, అవసరమైనచోట, పక్కన పెట్టగలగడం. ఇది పాండిత్యం లేనివారికి ఊరట కాదు. పక్కన పెట్టడానికి ముందు ఉండాలి కదా. కాకపోతే, ఉన్నదాన్ని చూపకుండా ఉండటం సంపాదించడం కంటే కష్టమని నా అనుభవం.

చాలా ఏళ్ళ తరువాత ఆ వరద వ్యాసాన్ని తిరగరాద్దామని కూర్చున్నాను. నీళ్ళు పెరటి వైపు నుంచి వచ్చాయా, వీధి వైపు నుంచా? పశువుల కట్లు ముందుగా ఎవరు విప్పారు? ఆ రాత్రి పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టారు? ఇవన్నీ మామ్మ చెప్పే ఉంటుంది. నా వ్యాసంలో ఒక్కటీ లేదు. అడుగుదామంటే అప్పటికి ఆవిడ లేదు.