గృహ నిర్మాణ, పట్టణ పరిశోధన సంస్థలు: నాయకత్వం, పాలనా విధానం

పేదల ఇళ్ల పథకాలపై సమాచారం కోరుతూ మా కార్యాలయానికి వచ్చే పాత్రికేయ మిత్రులు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఎంత ఖర్చయింది. ఆ ఇంటిని ఏ సామగ్రితో, ఏ పద్ధతిలో కట్టవచ్చునో పరిశోధించినది ఎవరు, ఆ పరిశోధనకు అధ్యక్షత వహించినది ఎవరు, దాని ఫలితం మండల స్థాయి ఇంజనీరుకు చేరిందా లేదా అన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. గోడ కూలినప్పుడు, పైకప్పు ఎగిరిపోయినప్పుడు మాత్రం ఆ ప్రశ్నే ముందుకు వస్తుంది. ఆ సందర్భాలలో ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో దేశంలోని గృహ నిర్మాణ, పట్టణ పరిశోధన సంస్థల పాలనా స్వరూపాన్ని ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

సంస్థల పుట్టుక

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే రూర్కీలో భవన నిర్మాణ పరిశోధనకు అంకురార్పణ జరిగింది. అదే నేటి కేంద్ర భవన పరిశోధన సంస్థ. ఇది శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) ప్రయోగశాలలలో ఒకటి. ప్రధానమంత్రి ఆ మండలికి పదవి రీత్యా అధ్యక్షులు. సంస్థకు డైరెక్టరుగా శాస్త్రవేత్తే ఉంటారు. అంటే ఈ సంస్థ గృహ నిర్మాణ శాఖ పరిధిలోనిది కాదు. దీనివల్ల శాస్త్రవేత్తలకు స్వేచ్ఛ లభించింది. కాగా, ఇళ్లు కట్టించే శాఖకు, ఇల్లు ఎలా కట్టాలో పరిశోధించే సంస్థకు మధ్య దూరం కూడా అప్పటి నుంచే ఏర్పడింది.

ఆ దూరాన్ని పూడ్చేందుకే 1954లో నాటి పనులు, గృహ నిర్మాణ మంత్రిత్వ శాఖకు అనుబంధ కార్యాలయంగా జాతీయ భవన నిర్మాణ సంస్థను ఏర్పాటు చేయడం జరిగింది. ప్రయోగాత్మక నిర్మాణాలు, సాంకేతిక పరిజ్ఞాన వ్యాప్తి, గృహ గణాంకాల సేకరణ దీనికి అప్పగించిన పనులు. 1970లో రుణ సంస్థగా హడ్కో వచ్చింది. 1985లో హడ్కో తన పరిశోధన, శిక్షణ విభాగంగా మానవ ఆవాసాల నిర్వహణ సంస్థను నెలకొల్పింది. నగరాల సమస్యలపై అధ్యయనానికి 1976లో జాతీయ పట్టణ వ్యవహారాల సంస్థ (ఎన్ఐయూఏ) స్వయంప్రతిపత్తి గల సొసైటీగా ఏర్పడింది.

హైదరాబాదుకు ఈ చరిత్రలో తనదైన స్థానం ఉన్నది. కేంద్ర ప్రభుత్వ నిధులతో 1970లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రాంతీయ పట్టణ, పర్యావరణ అధ్యయన కేంద్రం ప్రారంభమైంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన తరువాత పురపాలక సంఘాలకు ఎన్నికైన ప్రతినిధులకు, కమిషనర్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత ఇటువంటి కేంద్రాలపై మరింతగా పడింది. నిధులు కేంద్ర మంత్రిత్వ శాఖవి, గొడుగు విశ్వవిద్యాలయానిది, సేవలు అందుకునేది రాష్ట్రంలోని పురపాలక సంఘాలు. ఈ మూడింటి మధ్య సమన్వయం డైరెక్టరు చొరవపై ఆధారపడి ఉంటుందన్నది అనుభవంలో తేలిన విషయం.

మంత్రి అధ్యక్షతన ఒక పరిశోధన మండలి

1990లో ఏర్పాటైన భవన నిర్మాణ సామగ్రి, సాంకేతిక పరిజ్ఞాన ప్రోత్సాహక మండలి (బీఎంటీపీసీ) పాలనా విధానం ప్రత్యేకంగా గమనింపదగినది. ఇది సొసైటీగా రిజిస్టరైన సంస్థ. దీని యాజమాన్య మండలికి గృహ నిర్మాణ వ్యవహారాలు చూసే కేంద్ర మంత్రి అధ్యక్షులు. కార్యనిర్వాహక కమిటీకి ఆ శాఖ కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు. దైనందిన బాధ్యతలు ఎగ్జిక్యూటివ్ డైరెక్టరువి. ప్రయోగశాలలో తయారైన వస్తువును నిర్మాణ స్థలానికి చేర్చడమే ఈ మండలి ముఖ్య కర్తవ్యం.

పరిశోధన సంస్థకు మంత్రి అధ్యక్షులుగా ఉండడం సబబేనా అని కొందరు అడుగుతుంటారు. కొత్త సామగ్రిని అనుమతించవలసింది ప్రభుత్వ శాఖలే కనుక, ఆ శాఖల అధిపతులు సమావేశంలో ఉంటే నిర్ణయం వెంటనే ఉత్తర్వుగా మారే అవకాశం ఉంటుంది. అయితే మంత్రులు మారుతారు, కార్యదర్శులు బదిలీ అవుతారు, పథకాల పేర్లు మారుతాయి. ఇటుక మన్నిక పరీక్షకు పట్టే కాలం ఒక కార్యదర్శి పదవీకాలం కంటే ఎక్కువ. అందువల్ల ఇటువంటి సంస్థలలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు దీర్ఘకాలం కొనసాగడం ముఖ్యమని చెప్పవలసి ఉంటుంది.

లాతూరు నేర్పిన పాఠం

ఈ వ్యవస్థ సత్ఫలితమిచ్చిన సందర్భం ఒకటి వివరంగా చెప్పుకోదగినది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూకంపం సంభవించి వేలాది మంది మరణించారు. మట్టి అడుసుతో పేర్చిన బరువైన రాతి గోడలు నిద్రలో ఉన్నవారిపై కూలిపోయాయి. ఆ ప్రాంతం నాటి అధికారిక భూకంప పటంలో అతి తక్కువ ప్రమాదం గల ఒకటవ మండలంలో ఉన్నది. అంటే పటాన్ని నమ్మి ఇల్లు కట్టుకున్నవారు సైతం సురక్షితులు కారు.

ఆ తరువాత 1994లో కేంద్ర ప్రభుత్వం ఒక నిపుణుల బృందాన్ని నియమించింది. భూకంప ఇంజనీరింగులో పేరెన్నికగన్న రూర్కీ ఆచార్యులు ఆనంద్ స్వరూప్ ఆర్య దీనికి అధ్యక్షులు. బీఎంటీపీసీ సాంకేతిక సహకారం అందించింది. ఆ కృషి ఫలితమే 1997లో వెలువడిన భారతదేశ దుర్బలత్వ పటాల సంపుటి. భూకంపాలు, తుపాను గాలులు, వరదల పటాలను రాష్ట్రాలవారీగా ఇవ్వడంతో ఈ బృందం ఆగలేదు. 1991 జనాభా లెక్కలలోని ఇళ్ల వివరాలను, అనగా గోడ దేనితో కట్టారు, పైకప్పు దేనితో వేశారు అన్న సమాచారాన్ని జిల్లాలవారీగా ఆ పటాలకు జోడించింది. ఏ జిల్లాలో ఏ రకం ఇళ్లు ఏ విపత్తుకు ఎంతవరకు దెబ్బతినగలవో అప్పటి నుంచి పట్టిక చూసి చెప్పడం సాధ్యమైంది.

మన తీర ప్రాంతానికి దీని ప్రాధాన్యం చెప్పనవసరం లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను ఈ శాఖలో పనిచేసినవారి జ్ఞాపకాలలో చెరగకుండా ఉన్నాయి. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు ప్రాంతాలలో భవన రూపకల్పనకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని, హైదరాబాదుకు 44 మీటర్లను ప్రాతిపదికగా తీసుకోవాలని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. పేదల ఇంటి పైకప్పు రేకును ఎన్ని బోల్టులతో బిగించాలన్నది ఈ అంకెతో ముడిపడిన విషయం.

2002లో భూకంప ప్రమాణాన్ని సవరించినప్పుడు ఒకటవ మండలాన్నే రద్దు చేశారు. పటాల సంపుటి రెండవ కూర్పు 2006లోను, పిడుగుల వానలు, కొండచరియల వివరాలతో మూడవ కూర్పు 2019లోను వెలువడ్డాయి. శాస్త్రవేత్త అధ్యక్షత, మంత్రిత్వ శాఖ అండ, స్పష్టమైన పరిధి, ముద్రిత రూపంలో ఫలితం, నిర్ణీత కాలంలో సవరణ. ఈ అయిదూ ఒకేచోట కుదిరిన పరిశోధనలు దేశంలో ఎక్కువగా లేవు.

ధ్రువపత్రానికి, ధరల పట్టికకు మధ్య

కొత్త నిర్మాణ పద్ధతులకు పనితీరు మదింపు ధ్రువపత్రం ఇచ్చే అధికారాన్ని 1999 డిసెంబరులో వెలువడిన గెజెట్ ప్రకటన ద్వారా కేంద్రం బీఎంటీపీసీకి కల్పించింది. ప్రామాణిక సంస్థ కోడ్ ఇంకా లేని వస్తువును సాంకేతిక కమిటీ పరిశీలించి ఈ పత్రం ఇస్తుంది. అయితే ఈ పత్రం ఉన్నంత మాత్రాన పని జరగదు. ఎస్.ఎస్.ఆర్. అని ఇంజనీర్లు పిలిచే ప్రామాణిక ధరల పట్టికలో ఆ వస్తువుకు రేటు లేకపోతే అంచనా తయారు కాదు. అంచనా లేనిదే టెండరు లేదు. సొంత బాధ్యతపై చేయిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ధ్రువపత్రం ఇచ్చేది ఢిల్లీ, ధరల పట్టికను ఖరారు చేసేది రాష్ట్రంలోని చీఫ్ ఇంజనీర్ల మండలి. పరిశోధన ఫలితాలు ఎక్కువగా ఆగిపోయేది ఈ రెండు మెట్ల మధ్యనే.

బూడిద ఇటుక చరిత్ర ఇందుకు తార్కాణం. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదకు సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చే అవసరం లేకుండా ఇటుకలు చేసే ఫాల్-జీ పద్ధతిని విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ సంస్థకు చెందిన భానుమతిదాస్, కాళిదాస్ అభివృద్ధి చేశారు. ఇది ప్రభుత్వ ప్రయోగశాలలో జరిగిన పని కాదన్నది గమనార్హం. అయితే 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన ప్రకటన బూడిద ఉత్పత్తుల వ్యాప్తికి చట్టబద్ధమైన ఊతం ఇచ్చింది. విద్యుత్ కేంద్రానికి 50 కిలోమీటర్ల పరిధిలోని ఇటుక తయారీదారులు బూడిదను వినియోగించాలని ఆ ప్రకటన ఆదేశించింది. అంతేకాక, పబ్లిక్ వర్క్స్ శాఖలు, గృహ నిర్మాణ బోర్డులు తమ నిర్మాణ వివరణలలో బూడిద ఉత్పత్తులను నాలుగు నెలలలోగా చేర్చాలని గడువు కూడా పెట్టింది. 2003లో ఆ పరిధిని 100 కిలోమీటర్లకు పెంచారు. పరిశోధకుడి ప్రతిభకు పర్యావరణ శాఖ ఉత్తర్వు తోడైంది. ఈ వ్యవహారంలో గృహ నిర్మాణ పరిశోధన సంస్థలకు అధ్యక్షత వహించే శాఖ కాక వేరొక శాఖ ముందుండడం ఆలోచింపజేసే విషయమే.

జిల్లా స్థాయిలో ఈ లోటును నిర్మితి కేంద్రాలు కొంత పూడ్చాయి. 1985 వరదల తరువాత కేరళలోని కొల్లంలో జిల్లా యంత్రాంగం చొరవతో మొదలైన ఈ ప్రయోగాన్ని హడ్కో 1988 నుంచి దేశమంతటా విస్తరింపజేసింది. కలెక్టరు ఆసక్తి ఉన్నచోట ఇవి చక్కగా పనిచేశాయి, బదిలీ తరువాత వెనుకబడినవీ ఉన్నాయి.

ఇల్లు ఒక శాఖ, నగరం ఒక శాఖ

2004లో కేంద్ర పట్టణాభివృద్ధి, పేదరిక నిర్మూలన వ్యవహారాలు రెండు మంత్రిత్వ శాఖలుగా విడిపోయాయి. జాతీయ పట్టణ వ్యవహారాల సంస్థ ఒక మంత్రి పరిధిలో, బీఎంటీపీసీ మరొక మంత్రి పరిధిలో ఉండిపోయాయి. 2017 జూలైలో రెండు శాఖలను మళ్ళీ విలీనం చేసే వరకు, అంటే 13 సంవత్సరాల పాటు, ఇంటిపై పరిశోధన, నీరు, మురుగుకాలువ, రవాణాలపై పరిశోధన వేర్వేరు బల్లల వద్ద చర్చకు వచ్చాయి. ఊరికి దూరంగా ఇళ్లు కట్టి, తరువాత బస్సు, మంచినీరు లేవని వార్తలు రావడానికి ఈ విభజన ఒక్కటే కారణమని చెప్పలేము. కారణాలలో అదీ ఒకటి.

లైట్ హౌస్ ప్రాజెక్టులు

ఇటీవలి కాలంలో ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష 2019లో మొదలైన ప్రపంచ గృహ నిర్మాణ సాంకేతిక సవాలు. ఎంపికైన 54 పద్ధతులలో ఆరింటిని ఇందోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తల, లక్నో నగరాలలో ఒక్కొక్కచోట సుమారు వెయ్యి ఇళ్ల నిర్మాణానికి వినియోగించాలని నిర్ణయించారు. 2021 జనవరి 1న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పన్నెండు నెలలలో పూర్తి చేయాలన్నది లక్ష్యం. చెన్నైలోని పెరుంబాక్కంలో 1,152 ఇళ్లు 2022 మే 26న, రాజ్‌కోట్‌లో 1,144 ఇళ్లు అదే ఏడాది అక్టోబరులో ప్రారంభమయ్యాయి. లక్నోలోని 1,040 ఇళ్లకు 2024 మార్చి వచ్చింది.

ఆలస్యం సంగతి అలా ఉంచితే, గమనించవలసిన అంశం వేరొకటి ఉన్నది. ఈ ఇళ్లకు సాధారణ పథక వాటాకు అదనంగా సాంకేతిక నవ్యతా గ్రాంటు ఇచ్చారు. కొత్త పద్ధతికి అయ్యే అదనపు వ్యయాన్ని గ్రాంటు భరించింది. గ్రాంటు లేని ఏడవ నగరంలో అదే పద్ధతిలో ఇల్లు కట్టదలిస్తే ఆ రాష్ట్ర ధరల పట్టికలో దానికి రేటు ఉండాలి. తెలుగు రాష్ట్రాలలో లైట్ హౌస్ ప్రాజెక్టు లేదు. నెల్లూరులో మాత్రం బీఎంటీపీసీ, ఎరువుల కర్మాగారాల వ్యర్థ జిప్సంతో తయారయ్యే గాజుపీచు పలకలతో ప్రదర్శన గృహాలు నిర్మింపజేసింది. వాటి ధరలు, మన్నిక వివరాలు స్థానిక ఇంజనీర్లకు దగ్గరలోనే లభించే ఆధారాలు.

పాత్రికేయ మిత్రుల సౌకర్యార్థం చివరిగా ఒక సూచన. గోడ, పైకప్పు పద్ధతికి ధ్రువపత్రం ఉన్నదా అన్న ప్రశ్న బీఎంటీపీసీకి, కోడ్‌కు సంబంధించిన ప్రశ్న భారత ప్రమాణాల సంస్థకు, రేటు ఎందుకు లేదన్న ప్రశ్న రాష్ట్ర ఇంజనీరింగు శాఖలకు వేయవలసినవి. ఆ ఇళ్ల వద్దకు నీరు, దారి ఎప్పుడు వస్తాయన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినది పురపాలక సంఘం. నాలుగు ప్రశ్నలనూ ఒకే అధికారిని అడిగితే మూడింటికి తన పరిధి కాదన్న సమాధానమే వస్తుంది, అది నిజం కూడా.