పట్నంలో సామాన్యుని ఇల్లు : కట్టినవారు, కాపాడినవారు

వేదాద్రి రేవులో స్నానం చేసేవారికి గాని, ఒడ్డున కూర్చొని గాలి పీల్చుకొనేవారికి గాని, ఆ కృష్ణ నీటిలో హైదరాబాదు నీరు కూడా కలిసి ఉన్నదన్న సంగతి సాధారణంగా తట్టదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నది హైదరాబాదు నడిబొడ్డున పారి, నల్లగొండ సీమ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మట్టపల్లి, పులిచింతల మీదుగా ఆ నీరే మన వేదాద్రికి వస్తుంది. నీరు అటు నుంచి ఇటు వస్తున్నది. మన పిల్లలు మాత్రం ఇటు నుంచి అటు పోతున్నారు. జగ్గయ్యపేటలో బస్సెక్కి, కోదాడ, సూర్యాపేట దాటి, చదువుకో ఉద్యోగానికో పట్నం చేరుతున్నారు. చేరిన మొదటి రోజు వారు వెతికేది కాలేజీ కాదు, ఆఫీసు కాదు. తల దాచుకొనే గది.

అందుచేత ఈ సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయుమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, నవాబుల యుద్ధాలు, కోటల సంగతులు పక్కన పెట్టి, పట్నంలో సామాన్యునికి ఇల్లు ఎవరు కట్టించారు, కట్టిన ఇల్లు సామాన్యుని చేతిలోనే నిలిచేటట్లు ఎవరు చూశారు అన్న సంగతినే ఎంచుకొన్నాము.

కథ 1908వ సంవత్సరంతో మొదలుపెట్టాలి. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగింది. అఫ్జల్ గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయాయి. సుమారు 15,000 మంది చనిపోయారని, 19,000 ఇళ్ళు కూలాయని, 80,000 మంది నిలువ నీడ లేనివారయ్యారని చెబుతారు. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రికి వెళ్ళిన మనవారిలో కొందరు ఆ చెట్టును చూసే ఉంటారు. ఉర్దూ రుబాయీలలో పేరు పొందిన అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజులో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొన్నాడు. మా తరగతిలో ఆయన పాఠం వచ్చినప్పుడల్లా ముందు ఈ సంగతి చెప్పి, తరువాతే పుస్తకం తెరుస్తాము.

వరద ఎవరి ఇళ్ళను ఎక్కువగా మింగింది? నది ఒడ్డున పల్లంలో మట్టిగోడలతో ఇరుకిరుకుగా కట్టుకొన్నవారివి. మేడలకూ నష్టం జరిగింది గాని, మేడ ఉన్నవాడికి మరొక చోటు ఉంటుంది, పేదవాడికి ఉండదు. ఆ దెబ్బ మానకముందే 1911లో నగరంలో ప్లేగు ప్రవేశించింది. గాలి, వెలుతురు లేని మొహల్లాలలో అది కార్చిచ్చు మాదిరి పాకింది. ఇరుకు ఇల్లు ఒక్క పేదవాడి బాధ కాదు, ఊరందరికీ ముప్పు అని ఏలికలకు అప్పుడు తెలిసివచ్చింది.

నీటి సంగతి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చూశారు. ఆయన 1909లో వచ్చి ఇచ్చిన సలహా ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. ఇళ్ళ సంగతి చూడటానికి 1912లో ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. దాని పేరు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. అటుపిమ్మట నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జా దానికి అధ్యక్షత వహించాడు. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస, మొజంజాహీ మార్కెట్ ఆ కాలపు పనులే. వాటిని చూసి అందరూ మెచ్చుకొంటారు. కాని మా దృష్టిలో బోర్డు చేసిన పెద్ద పని అది కాదు. నాంపల్లి మొదలైన చోట్ల మురికివాడలను తీసివేసి, మల్లేపల్లి, సుల్తాన్‌షాహీ, మొగల్‌పురా, ఆజంపురా, రెడ్‌హిల్స్ వంటి చోట్ల వరుసలుగా ఇళ్ళు కట్టి, స్థోమతను బట్టి తక్కువ కిరాయికి ఇచ్చింది. లాభం కోసం కట్టినవి కావు. నగరం బ్రతకాలంటే నగరంలో పనిచేసే బంట్రోతు, గుమాస్తా, మేస్త్రీ కూడా బ్రతకాలి గదా అన్న ఆలోచనతో కట్టినవి.

మేము ఉపాధ్యాయ శిక్షణ కోసం పట్నం వెళ్ళినప్పుడు, మల్లేపల్లిలో అటువంటి పాత క్వార్టరులో ఉంటున్న మా చిచ్చాగారి ఇంట్లో కొన్ని వారాలు ఉన్నాము. రెండే గదులు, ముందు చిన్న వాకిలి. వేసవిలో కూడా ఆ వాకిట్లోకి గాలి వచ్చేది. "కట్టినవాడెవడో గాని మనిషి ఎట్లా నిద్రపోతాడో తెలిసి కట్టాడు బేటా" అనేవారు చిచ్చా.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మురికివాడ తీసివేయటం సులభం. తీసివేసిన చోటి మనుషులకే మళ్ళీ ఇల్లు ఇవ్వటం కష్టం. 1896లో ప్లేగు వచ్చిన తరువాత బొంబాయిలో 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. అది వెడల్పు రోడ్లు వేసింది, కొత్త పేటలు లేపింది. కాని కూల్చినన్ని గదులు కట్టలేకపోయింది. వెళ్ళగొట్టబడ్డవారు పక్క వీధిలో మరింత ఇరుకులో దూరారు. బాగుచేత అనే పేరుతో జరిగే ప్రతి పనికీ ఈ ప్రశ్న వేయాలి : ముందు అక్కడ ఉన్నవాడు ఇప్పుడెక్కడ ఉన్నాడు?

రాష్ట్రం మారింది, కాలం మారింది. 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఏర్పడి పాత బాధ్యతలను అందుకొన్నది. అది కిరాయి ఇళ్ళకంటే వాయిదాల మీద కొనుక్కొనే ఇళ్ళ వైపు ఎక్కువగా మొగ్గింది. 1980 ప్రాంతంలో మొదలైన కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ అందుకు పెద్ద ఉదాహరణ. ఊరికి దూరంగా ఉన్నదని మొదట్లో పోవటానికి వెనకాడినవారున్నారు. చిన్న జీతగాళ్ళు వాయిదాలు కట్టి సొంత ఇంటివారయ్యారు. అది మంచిదే, కాదనము. ఒక తరం గట్టున పడింది. కాని తరువాత ఏమైనది? నగరం అక్కడికి పెరిగింది. భూమి ధర ఆకాశానికెక్కింది. చిన్న ఇళ్ళు కూల్చి అంతస్తులు లేపారు, హాస్టళ్ళు చేశారు. ఏ జీతగాడి కోసమని ఆ ఇల్లు కట్టారో, నేడు అదే జీతం వచ్చేవాడు అక్కడ ఒక మంచం మాత్రమే కిరాయికి తీసుకోగలడు. మన జగ్గయ్యపేట, నందిగామ కుర్రవాళ్ళలో ఎంతమంది ఆ మంచాల మీద పడుకొంటున్నారో మనకు తెలుసు.

మధ్యలో మరొక మంచి ప్రయత్నం జరిగింది. 1967లో హైదరాబాదు మునిసిపాలిటీ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనే పథకం ప్రారంభించింది. తరువాత యునిసెఫ్ కూడా చేయి కలిపింది. ఇందులో బస్తీని కూల్చలేదు. బస్తీవారినే కూర్చోబెట్టి కమిటీలు వేయించారు, బాలవాడీలు, కుట్టు కేంద్రాలు పెట్టించారు. పాతబస్తీ ఆడవాళ్ళు పరదా దాటి సమావేశాలకు రావటం దానితో అలవాటైంది. క్రమంగా పట్టా, బ్యాంకు అప్పు, సొంత కాయకష్టం, మూడూ కలిపి ఉన్నచోటనే ఇల్లు బాగుచేసుకొనే పద్ధతి వచ్చింది. 1980వ దశకంలో బ్రిటన్ సహాయంతో బస్తీలకు నీళ్ళు, దారులు, దీపాలు వచ్చాయి. ఉన్న మనిషిని ఉన్నచోటనే నిలబెట్టటం కూడా ఇల్లు కట్టటమే అని ఈ పని రుజువు చేసింది.

ఇక కట్టినదాన్ని కాపాడినవారి సంగతి. లండనులో వ్యాపారం చేసిన జార్జి పీబాడీ అనే అమెరికా దేశస్థుడు 1862లో ఆ నగరపు పేదల కోసం పెద్ద మొత్తం దానమిచ్చాడు. ఆ డబ్బుతో 1864లో స్పిటల్‌ఫీల్డ్స్ అనే చోట మొదటి ఇళ్ళు లేచాయి. అన్నం, బట్టలు పంచివుంటే ఆ డబ్బు ఒక్క శీతకాలంలో ఖర్చయ్యేది. ఇళ్ళు కట్టి అమ్మివేసినా ఒక తరంతో ఆగేది. అలా చేయలేదు. ఇళ్ళు ట్రస్టు పేరనే ఉంచి, మితమైన కిరాయి వసూలు చేసి, మిగిలినదానితో మరమ్మతులు చేస్తూ, మళ్ళీ ఇళ్ళు కడుతూ వచ్చారు. మొదట్లో నికరమైన కూలి ఉన్నవారికే అవి అందాయి, మరీ నిరుపేదలకు అందలేదన్న లోపం ఉన్నది. అయినా నూట అరవై ఏళ్ళు దాటినా ఆ సంస్థ బ్రతికే ఉన్నది. 2022లో మరొక సంస్థ వచ్చి కలిసిన తరువాత దాని చేతిలో లక్షకు పైగా ఇళ్ళున్నవి.

ఈ పద్ధతి మనకు కొత్తదా? కాదు. మూలం అమ్మరాదు, ఫలం అనుభవించవచ్చును. దీనినే మనవారు వక్ఫు అన్నారు. హజ్ చేసినవారికి మక్కాలోని హైదరాబాదు రుబాత్ సంగతి తెలిసే ఉంటుంది. నిజాముల కాలంలో తమ సంస్థానపు హాజీలు దిగటానికి అక్కడ ఇళ్ళు ఏర్పరచి వక్ఫు చేశారు. హరం విస్తరణలో కొన్ని పోయినా, సంస్థానమే లేకుండా పోయినా, ఆ తరువాత కూడా తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక హాజీలు అందులో ఉచితంగా దిగుతూ వచ్చారు. మన జగ్గయ్యపేట అప్పుడు బ్రిటిషు ఏలుబడిలో ఉండెను గనుక మన హాజీలకు ఆ హక్కు లేదు. సరిహద్దు దాటితే హుజూర్‌నగర్ హాజీకి ఉన్నది! రాజ్యం పోయినా వ్రాసిన షరతు నిలిచింది. కాగితం గట్టిగా వ్రాస్తే అంత బలం.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పామంటే, రెండు సంగతులు మా మనసులో ముల్లులాగా ఉన్నవి.

మొదటిది. కొన్నేళ్ళ క్రితం పట్నంలో చదివే మా తమ్ముడి కోసం గది వెతుకుతూ వీధులు తిరిగాము. ఒక ఇంటికి 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు ఉన్నది. యజమాని మర్యాదగానే మాట్లాడారు, మంచినీళ్ళు ఇచ్చారు. పేరు అడిగారు, చెప్పాము. "అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ" అన్నారు. వారం తరువాత అదే దారిన పోతే బోర్డు అలాగే వేలాడుతున్నది. ఆయన మీద కోపం పెట్టుకోలేదు. తరువాత మాకు గది ఇచ్చినాయన కూడా హిందూ సోదరుడే. అడ్వాన్సు సగమే తీసుకొన్నాడు.

రెండవది. మేము చదువు చెప్పిన ఒక అమ్మాయికి పట్నంలో నర్సింగు సీటు వచ్చింది. ఫీజు సంఘం వారు, బంధువులు కలిసి సర్దారు. హాస్టలులో చోటు దొరకలేదు. బయట గదుల కిరాయి విని తండ్రి మాట్లాడకుండా లేచి వచ్చేశాడు. ఆ అమ్మాయి సీటు వదులుకొన్నది చదువు రాక కాదు, రాత్రి పడుకొనే చోటు లేక. ఇప్పటికీ బజారులో కనబడితే "సలాం సార్" అంటుంది. మేమే తల దించుకొంటాము.

మనము ఫీజులు కట్టటం, పుస్తకాలు పంచటం చాలా ఏళ్ళుగా చేస్తున్నాము. ఇకనైనా వసతి మీద దృష్టి పెట్టాలని మా మనవి. పెద్ద భవనం కట్టుదామని కాదు. ముందు హైదరాబాదులో గాని, విజయవాడలో గాని నాలుగైదు గదుల ఇల్లొకటి సంఘం పేర దీర్ఘకాలపు లీజుకు తీసుకొందాము. విద్యార్థులకు, ఆసుపత్రికి వచ్చే రోగుల వెంట ఉండేవారికి ఇద్దాము. ఆడపిల్లలకు వేరుగా ఏర్పాటు చేయాలి. మతం అడగరాదు. మన బాధ మనకు తెలుసు గనుక మన బోర్డు మీద ఆ మాట ముందే వ్రాయాలి. కిరాయి ఖర్చుకు సరిపడినంతే ఉండాలి. అందులో కొంత ప్రతి నెలా మరమ్మతుల కింద తీసిపెట్టాలి. ముందు ముందు సొంతంగా కొనే శక్తి వస్తే, ఎవరు అధ్యక్షులుగా వచ్చినా దానిని అమ్మరాదని, తమవారికి ధారాదత్తం చేయరాదని దస్తావేజులోనే వ్రాయించాలి.

పూర్వం బేతవోలుగా ఉన్న మన జగ్గయ్యపేటను వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తండ్రి పేర పట్టణంగా నిలిపారు. ఆయన రాజా. మనము చిన్నవాళ్ళము, మనవల్ల ఊళ్ళు కావు. నాలుగు గదులు అవుతవి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. మొదటి నెల కిరాయిలో మా వంతు ఇప్పుడే కోశాధికారిగారి వద్ద జమ చేసి ఉన్నాము.