పటం చెప్పేవారు లేని బొమ్మ: సిద్దిపేట బడుల్లో కృత్రిమ మేధ - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు ప్రాంతాల పాఠశాలల్లోకి 1975 నుంచి టెలివిజన్, కంప్యూటర్, డిజిటల్ పాఠం, కృత్రిమ మేధ వరుసగా ప్రవేశించాయి. వీటిలో అనేకం గడువుగల పథకాలుగానే వచ్చాయి. గడువు తీరాక మిగిలినది ఉపాధ్యాయుడు తనదిగా చేసుకున్నంత మేరకే. సిద్దిపేట వంటి జిల్లా కృత్రిమ మేధను స్వీకరించేటప్పుడు ఈ చరిత్రను ఎందుకు గుర్తుంచుకోవాలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: సిద్దిపేట, పాఠశాల విద్య, సైట్ ప్రయోగం, కంప్యూటర్ విద్య, కృత్రిమ మేధ, మాతృభాష.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబర్ 11న మెదక్, కరీంనగర్, వరంగల్ జిల్లాల భాగాలతో సిద్దిపేట జిల్లా ఏర్పడింది. అలా ఈ జిల్లాలో చేరిన చేర్యాల నకాషీ పటాలకు పేరుగాంచింది. పద్మశాలీల పురాణాన్ని కూనపులివారు పటం పరచి, ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ కథాగానం చేసేవారు. దృశ్య శ్రవణ బోధన ఈ నేలకు కొత్త కాదని ఈ సంప్రదాయం తెలుపుతుంది. ఇందులో పటం ఒక సాధనం మాత్రమే. వినేవారిని బట్టి కథను పెంచేది, తగ్గించేది, ప్రశ్నకు బదులిచ్చేది చెప్పేవాడే. తరువాతి కాలపు బోధనాయంత్రాలను అంచనా వేయడానికి ఈ సంబంధమే గీటురాయి.

2. ఉపగ్రహం: ఒక్క ఏడాది పాఠం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసార భాషల్లో తెలుగు ఉండటం, హైదరాబాద్‌లో కార్యక్రమ నిర్మాణ కేంద్రం పనిచేయడం విశేషం. ఉదయం పూట బడిపిల్లలకు ఒక్కో భాషలో 22 నిమిషాలకు పైగా ప్రసారం ఉండేది. ఏడాది ముగియగానే ఉపగ్రహం మరలిపోయింది. అయితే ఆ ప్రయోగంలో భాగంగా వేలాది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో 12 రోజుల శిక్షణ లభించింది. ఆ శిక్షణ ఉపగ్రహంతో పాటు తిరిగి వెళ్లలేదు.

3. కంప్యూటర్: ఒప్పందపు గది

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకంతో బ్రిటన్‌లో రూపొందిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను పాఠశాలల్లో ప్రవేశపెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు ఐదేళ్ల ఒప్పందంపై కంప్యూటర్ విద్య విస్తరించింది. ప్రైవేటు సంస్థలే గదిని అమర్చి, నడిపి, గడువు తీరాక పాఠశాలకు అప్పగించే పద్ధతి ఇది. ఒప్పందంతో పాటు బోధకుల కొలువులూ ముగిశాయి. నడిపేవారు లేని గదుల్లో యంత్రాలు మూలనపడిన సంగతి ఉపాధ్యాయ వర్గాలకు తెలియనిది కాదు. కంప్యూటర్ పాఠం గణితానికో భాషకో తోడు కాలేదు. అది వేరే గదిలో, వేరే మనిషి చెప్పే వేరే విషయంగానే ఉండిపోయింది.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. బడులు మూతపడిన వేళ అది అవసరమైన ఏర్పాటే. కానీ ఒకే తరగతి పిల్లలందరికీ ఒకే పాఠం అందింది. ఎవరికి అర్థమైందో ఆ తెరకు తెలియదు.

4. కృత్రిమ మేధ: కొత్తదనం ఎక్కడ?

2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో ఆరు జిల్లాల్లోని 36 ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధ ఆధారిత భాషా గణిత అభ్యసనాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. చదువులో వెనుకబడిన 3, 4, 5 తరగతుల పిల్లలు దీని లక్ష్యం. వెనుకటి యంత్రాలు తరగతిని చూశాయి. ఇది పిల్లవాడి స్థాయిని చూడజూస్తుంది. నాలుగో తరగతిలో ఉండి రెండో తరగతి వాక్యం చదవలేని బిడ్డకు ఈ భేదం చిన్నది కాదు.

ఈ ఆశకు ఆధారం లేకపోలేదు. మురళీధరన్, సింగ్, గనిమియన్‌లు ఢిల్లీలో 619 మంది విద్యార్థులతో జరిపిన పరిశోధన 2019లో ప్రచురితమైంది. ‘మైండ్‌స్పార్క్’ కేంద్రాల్లో చేరే అవకాశం లాటరీలో దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లో, గణితంలోనూ హిందీలోనూ, అది దక్కనివారికంటే స్పష్టంగా మెరుగయ్యారు. అయితే అక్కడి 90 నిమిషాల్లో సగం మాత్రమే కంప్యూటర్ ముందు గడిచింది. మిగతా సగం సహాయకుల సమక్షంలో చిన్న బృందాలతో సాగింది. కనుక ఆ ఫలితాన్ని కేవలం సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేయలేము.

5. సిద్దిపేట ముందున్న ప్రశ్నలు

మొదటిది భాష. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం, ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంట్లో ‘పోయిండు’ అనే బిడ్డ పుస్తకంలో ‘వెళ్ళాడు’ చదువుతుంది. లెక్కను ఆంగ్లంలో చూస్తుంది. ఉచ్చారణ వినే యంత్రం ఈ మాండలికాన్ని తప్పుగా లెక్కిస్తే, వెనుకబడిన బిడ్డ మరింత వెనుకబడినట్టు నమోదవుతుంది. రెండవది సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. ఆ సమ్మతి తల్లికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. మూడవది గడువు. ఒప్పందం ముగిశాక పిల్లల ప్రగతి వివరాలు ఎవరి వద్ద ఉంటాయి? మరమ్మతు ఎవరిది? 2008 నాటి అనుభవం తర్వాత ఈ ప్రశ్నలు ముందే అడగవలసినవి.

6. ముగింపు

బోధనాయంత్రం వచ్చిన ప్రతిసారీ దాని శక్తిపై చర్చ జరిగింది. అది వెళ్లిపోయాక ఏమి మిగలాలన్న చర్చ తక్కువ. కృత్రిమ మేధ చూపిన తప్పును మరుసటి ఉదయం ఉపాధ్యాయుడు తన పాఠంలో సరిదిద్దగలిగితే, దానికి తగిన శిక్షణ, సమయం ఆయనకు దక్కితే, ఈ ప్రయోగం గడువును దాటి నిలుస్తుంది. లేకపోతే అది చెప్పేవారు లేని పటమే. సిద్దిపేట జిల్లాలో ఈ సాధనాన్ని ప్రవేశపెట్టేవారు పాఠశాలల సంఖ్యతో పాటు, దాని నివేదికను చదివి బోధన మార్చుకున్న ఉపాధ్యాయుల సంఖ్యను కూడా లెక్కించాలి. రాబోయే పరిశోధకులకు అదే విలువైన ఆధారమవుతుంది.