టర్బైన్ నూనెకు మడ్డి దించిన కథ



మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వారికి ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం బాగా తెలుసు. బొగ్గును గురించి, బూడిదను గురించి అందరూ మాట్లాడతారు. యంత్రం లోపల తిరిగే నూనెను గురించి మాట్లాడేవారు తక్కువ. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

విద్యుత్ బోర్డు కాలంలో, 1994, 1995 సంవత్సరాలలో, అక్కడ 210 మెగావాట్ల యూనిట్లు రెండు ప్రారంభమయ్యాయి. టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. లోడు హఠాత్తుగా పోతే ఆవిరి వాల్వులు సెకను లోపలే మూసుకోవాలి. లేకుంటే వేగం అదుపు తప్పి యంత్రమే బద్దలు కావచ్చు. ఆ వాల్వులను కదిలించేది నూనె పీడనం. ఈ తరగతి యంత్రాలలో బేరింగులకూ గవర్నింగుకూ నూనె ఒక్కటే. గ్లాండుల నుంచి కారే ఆవిరి అందులో నీరై చేరుతుంది. దుమ్ము, లోహపు రజను తోడవుతాయి.

చెనిక్కాయ నూనెకు మన ఇళ్లలో మడ్డి దించినట్లే, తొలి రోజుల్లో టర్బైన్ నూనెను ట్యాంకులో నిలవబెట్టి అడుగు నీటిని వదిలేవారు. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ ద లవాల్ 1878లో పాల నుంచి మీగడ తీసే సెపరేటరు తయారుచేశాడు. దాన్ని తిప్పడానికే తరువాత ఆవిరి టర్బైను మీద పని చేశాడు. ఆ సెపరేటరు సూత్రమే సెంట్రిఫ్యూజుగా మారి టర్బైన్ నూనెను శుభ్రం చేసింది. అయితే అది విడి నీటిని తీస్తుంది గాని, నూనెలో కరిగిన నీటిని తీయలేదు. దానికి వాక్యూమ్ యంత్రం కావాలి. సన్నని రేణువులకు ఫిల్టరు కావాలి.

500 మెగావాట్ల తరగతి యంత్రాలు వచ్చాక సమస్య మారింది. కాగుతున్న ఆవిరి గొట్టాల పక్కన అధిక పీడనంలో ఖనిజ నూనె కారితే నిప్పు అంటుకుంటుంది. అందుకని నిప్పును తట్టుకునే ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవాన్ని కంట్రోలుకు వాడారు. ఇది నీటికన్నా బరువు. నీరు పైన తేలుతుంది. అడుగు కాక్ తిప్పే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. నీరు తగిలితే ఈ ద్రవం విడిపోయి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని పట్టడానికి మొదట ఫుల్లర్స్ ఎర్త్, అంటే మన ముల్తానీ మట్టి వంటిది, వాడారు. ఆమ్లం తగ్గింది గాని, ఆ మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బు లాంటి జిగురై సర్వో వాల్వులకు పట్టింది. తరువాత అయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్లు వచ్చాయి. అవి తేమను వదులుతాయి గనుక పక్కన వాక్యూమ్ యంత్రం తప్పనిసరి.

ఒక సొంత అనుభవం. నేను పనిచేసిన ఒక స్టేషనులో సీసాలో నూనె తేటగా కనబడిందని శుద్ధిని వారం వాయిదా వేశాము. మామూలు పరీక్షలో స్టాప్ వాల్వు సగంలో నిలిచిపోయింది. పరీక్షలో గనుక బతికిపోయాము. నిజంగా లోడు పోయిన రాత్రి అయితే ఏమయ్యేదో! సుమారు 40 మైక్రాన్ల కన్నా చిన్న రేణువు కంటికి ఆనదని ఆనాడు మా అందరికీ తెలుసు. తెలిసీ కంటినే నమ్మాము.

ఏ యంత్రం కొనాలని కాదు, నూనెలో ఉన్నది నీరా, రేణువా, ఆమ్లమా అని ముందు అడగాలి. పరీక్షశాల చీటీ చూశాకే పద్ధతి ఎంచుకోవాలి. ఈ ఉద్యోగంలో చేరుతున్న మన పిల్లలకు మనం అప్పగించగల ఆస్తి ఇదే.