జాకార్డు అట్ట నుంచి ఎస్‌ఎస్‌డీ దాకా: దాచుకున్న పాట, దాచుకున్న ఆట

ధర్మవరం పట్టుచీర కొంగు మీద హంస ఎన్నిసార్లు నేసినా ఒకేలా వస్తుంది. ఆ బొమ్మ మగ్గం పైన వేలాడే అట్టల్లో ఉండటమే దానికి కారణం. ధర్మవరంలో జాకార్డు పెట్టె, దారంతో కుట్టిన అట్టల దండ చాలా మగ్గాల మీద కనిపిస్తాయి. పేక ఒకసారి వేయడానికి ఒక అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరి, దాని కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. రంధ్రం లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. ఉంది, లేదు అనే ఈ రెండు గుర్తులతోనే నేటి కంప్యూటర్లూ పాటలను, ఆటలను దాచుకుంటున్నాయి.

ఈ పద్ధతి ఫ్రాన్సులోని లియోన్ పట్టు మగ్గాల మీద రూపుదిద్దుకుంది. 1725లో బూషోన్ రంధ్రాల కాగితపు చుట్టను వాడాడు. మూడేళ్ల తర్వాత ఫాల్కన్ దాన్ని అట్టలుగా మార్చాడు. 1804 ప్రాంతంలో జోసెఫ్ మారీ జకార్డ్ ఈ ప్రయత్నాలన్నిటినీ పనికొచ్చే యంత్రంగా నిలబెట్టాడు. 1839లో ఆయన ముఖచిత్రాన్నే పట్టు మీద నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. బొమ్మ పెద్దదైన కొద్దీ అట్టలు పెరుగుతాయి, అట్టలు కొట్టించే ఖర్చూ పెరుగుతుంది. అంచు పొడవునా అదే మామిడిపిందె, అదే గోపురం మళ్లీ మళ్లీ రావడంలో అందంతో పాటు ఈ పొదుపూ ఉంది. నిల్వకున్న హద్దు కళకు రూపమివ్వడం అక్కడితో ఆగలేదు.

అట్టల ఆలోచన మగ్గం నుంచి సంగీతానికి నేరుగానే వెళ్లింది. 1892లో పారిస్‌కు చెందిన గావియోలీ సంస్థ జాతరల్లో మోగించే పెద్ద ఆర్గన్లకు రంధ్రాల అట్టల పుస్తకాన్ని అమర్చింది. అదే కాలంలో పియానోలకు రంధ్రాల కాగితపు చుట్టలు వచ్చాయి. వీటిలో దాగింది శబ్దం కాదు, ఏ మెట్టును ఎప్పుడు నొక్కాలో చెప్పే సూచన మాత్రమే. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాల కోసం వచ్చిన మిడి పద్ధతి చేసేదీ ఇంతే. అందుకే ఒక పాట మొత్తం మిడి ఫైలుగా కొన్ని పదుల కిలోబైట్లలో ఇమిడిపోతుంది. శబ్దాన్నే దాచాలంటే లెక్క మారిపోతుంది. సీడీ నాణ్యతలో నిమిషం పాటకు దాదాపు 10 మెగాబైట్లు కావాలి.

శబ్దాన్ని దాచడానికి ముందు కాలమంతా రంగస్థలానిది. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) పుట్టింది ధర్మవరంలోనే. ఆయన 1886లో బళ్లారిలో సరస వినోదినీ సభను స్థాపించి, తెలుగు నాటకంలో పాటకు, పద్యానికి పెద్దపీట వేశాడు. రాత్రంతా సాగే నాటకంలో పద్యానికి కాలం హద్దు లేదు. జనం ‘వన్స్‌మోర్’ అంటే అదే పద్యం మళ్లీ వినిపించేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ వంటి గాయనుల పాటలతో మన దేశంలో మొదలైన గ్రామఫోన్ రికార్డు ఆ స్వేచ్ఛను కత్తిరించింది. పది అంగుళాల పళ్లెం ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. రాగం తీయడం కుదించుకుపోయింది. నాటకాలు ముక్కలై అనేక రికార్డుల సెట్లుగా అమ్ముడయ్యాయి. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టాక శబ్దం ఫిల్ము అంచున కాంతి గీతగా చేరింది. ఆ తర్వాత మాగ్నెటిక్ టేపు వచ్చింది. సినిమా పాట మాత్రం చాలాకాలం మూడు, నాలుగు నిమిషాల కొలతనే పట్టుకుంది. గ్రామఫోన్ పళ్లెం వేసిన ముద్ర అంత బలమైనది.

టేపు ఇచ్చిన పెద్ద వరం ట్రాకులు. గాయకుడు ఒక రోజు, వయొలిన్లు మరో రోజు పాడి, వాయించి కలుపుకొనే వీలు కలిగింది. 1980ల చివరికి అసలు వాద్యాల శబ్దపు తునకలను దాచి వాయించే శాంపిలర్, కంప్యూటర్ స్టూడియోల్లోకి వచ్చాయి. ఏ.ఆర్. రెహమాన్ 1989లో చెన్నైలో ఇంటి ఆవరణలోనే పంచతన్ స్టూడియో పెట్టుకున్నాడు. 1992లో ‘రోజా’ పాటలు తెలుగులోనూ మారుమోగాక, పెద్ద వాద్యబృందం లేకుండా చిన్న గదిలోనూ సినిమా సంగీతం తయారవుతుందని అందరికీ తెలిసింది. అప్పటి ఫ్లాపీ పట్టేది 1.44 మెగాబైట్లే. సీడీ నాణ్యతలో అది పట్టుమని పది సెకన్ల శబ్దం కూడా కాదు.

ఆ కొరత తీర్చింది హార్డ్‌డిస్కు. 1956లో ఐబీఎం తయారుచేసిన మొదటి హార్డ్‌డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు యాభై ఉండేవి. అన్నీ కలిపి దాచింది 50 లక్షల అక్షరాలు. సీడీ నాణ్యత పాట అందులో ముప్పై సెకన్లు దాటదు. 1990లకు డిస్కు చిన్నదై, చవకై బల్ల మీదికి చేరింది. కానీ దాని లోపల తిరిగే పళ్లెం, కదిలే ముల్లు అలాగే ఉన్నాయి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టు పూర్తిచేయడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ముల్లు సరైన చోటికి జరిగే సమయం దీనికి అదనం. అందుకే చెదిరి ఉన్న చిన్న ముక్కలను వెతకాల్సివస్తే సెకనుకు వంద తీయడమే దానికి కష్టం.

ఈ బలహీనతను దాటడానికి 1998లో వచ్చిన గిగాశాంపిలర్ సాఫ్ట్‌వేర్ ఒక ఉపాయం చేసింది. ప్రతి స్వరం మొదటి తునకను ర్యామ్‌లో సిద్ధంగా ఉంచి, అది మోగుతుండగానే మిగతాది డిస్కు నుంచి లాగింది. దాంతో గిగాబైట్ల పియానో నమూనాలు ఇంటి కంప్యూటర్లోకి వచ్చాయి. అయితే ఒకేసారి ఎక్కువ స్వరాలు మోగితే ముల్లు అందుకోలేక శబ్దం తెగేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక డ్రైవ్, రికార్డింగుకు ఒకటి, శాంపిల్ లైబ్రరీకి మరొకటి అనే ఆచారం అప్పుడు స్థిరపడింది. ఒక ముల్లు ఒకసారి ఒకచోటే ఉండగలదు కాబట్టి అది సరైన సలహానే.

ముల్లును, పళ్లేన్ని పూర్తిగా తీసేసిన నిల్వకు మూలం తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా. ఆయన 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో దాని నాండ్ రూపాన్ని లోకానికి చూపాడు. చిప్పులోని ఒక్కో గదిలో విద్యుదావేశాన్ని బంధించి, కరెంటు పోయినా నిలిచేలా చేయడమే ఇందులోని కిటుకు. తర్వాత శాన్‌డిస్క్‌గా పేరు మార్చుకున్న సంస్థ 1991లో 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీని, అంటే ఫ్లాష్ చిప్పుల డ్రైవ్‌ను, తెచ్చింది. ధర సుమారు వెయ్యి డాలర్లు. సీడీ నాణ్యతలో అందులో పట్టే పాట రెండు నిమిషాల లోపే. నాణ్యత తేడాను పక్కనపెడితే, గ్రామఫోన్ పళ్లెం ఒక వైపు పట్టినంత కూడా కాదు. 2008 తర్వాతే ఇవి మామూలు కొనుగోలుదారుల కంప్యూటర్లకు చేరాయి. పాత సాటా తీగతో వేగం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోయేది. 2011లో ఎన్‌వీఎంఈ పద్ధతి ఖరారయ్యాక ఆ హద్దు తొలగి, నేడు సెకనుకు 7,000 మెగాబైట్లు చదివే డ్రైవ్‌లు దొరుకుతున్నాయి.

ఈ వేగం ఎక్కువగా అక్కరకొచ్చింది ఆటలకు. 2000ల తొలి ఏళ్లలో తెలుగు పట్టణాల ఇంటర్నెట్ సెంటర్లలో పిల్లలు గుంపుగా కౌంటర్ స్ట్రైక్ ఆడేటప్పుడు ఆటల పరిమాణం మెగాబైట్లలోనే ఉండేది. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5కు 65 గిగాబైట్లు కావాల్సివచ్చింది. 2019 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ 175 గిగాబైట్ల ఖాళీ అడిగింది. హార్డ్‌డిస్కు ముల్లు దూరాలు తిరగకుండా, ఒకే చెట్టు బొమ్మనో రాయి బొమ్మనో డిస్కు మీద అనేక చోట్ల నకలు పెట్టడం ఆటల తయారీదారులకు అలవాటు. ఆ నకళ్ల వల్లా పరిమాణం పెరిగేది. మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చిన ప్లేస్టేషన్ 5 తన 825 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీతో సెకనుకు 5.5 గిగాబైట్లు చదివి ఆ అవసరాన్ని తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో అదనపు ఎం.2 డ్రైవ్ పెట్టుకునే వీలూ కల్పించింది.

అదనపు డ్రైవ్ కొనేవారికి ఈ చరిత్రలోనే చాలా జవాబులున్నాయి. 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్ నాణ్యతలో 32 ట్రాకులు ఒకేసారి రికార్డు చేసినా సెకనుకు 5 మెగాబైట్లు దాటవు. ఆ పనికి 7,000 మెగాబైట్ల వేగం కొనడం డబ్బు వృథా. శాంపిల్ లైబ్రరీకి కావలసింది చిన్న ముక్కలను వెంటవెంటనే అందించే గుణం. అది సాటా ఎస్‌ఎస్‌డీలోనూ ఉంది. కాబట్టి సంగీతకారుడు అదే డబ్బుతో వేగం తగ్గించి, పరిమాణం పెంచుకోవడం మేలు. ప్లేస్టేషన్ 5కు మాత్రం నాలుగో తరం ఎన్‌వీఎంఈ డ్రైవ్, దాని మీద వేడిని లాగే లోహపు పలక తప్పనిసరి. పీసీలో ఆటలకైతే సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు కనిపించే తేడా, హార్డ్‌డిస్కు నుంచి సాటాకు మారినప్పటి తేడా కంటే చాలా తక్కువ. మూడు డ్రైవ్‌ల పాత ఆచారం కూడా ముల్లుతోపాటే అవసరం కోల్పోయింది. ల్యాప్‌టాప్ లోపలి నిల్వ చాలకపోవడం, లైబ్రరీని స్టూడియోకు మోసుకెళ్లాల్సిరావడం మాత్రం రెండో డ్రైవ్‌కు నేటికీ చాలిన కారణాలు.

రాతల వల్ల డ్రైవ్ అరిగిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. మంచి 1 టెరాబైట్ డ్రైవ్‌లు 600 టెరాబైట్ల రాతలకు హామీ ఇస్తాయి. రోజుకు 50 గిగాబైట్లు రాసినా అది ముప్పై ఏళ్లకు పైమాట. ఒక్కో గదిలో నాలుగు బిట్లు కుక్కే చవక క్యూఎల్‌సీ రకానికి ఈ హామీ తక్కువ. పెద్ద ఫైళ్లు వరుసగా రాస్తే మధ్యలో దాని వేగమూ పడిపోతుంది. రోజూ రికార్డు చేసేవారికి గదిలో అంతకంటే తక్కువ బిట్లు పెట్టే టీఎల్‌సీ రకమే సరి. ఒకసారి నింపి చదువుకునే లైబ్రరీకి, ఆటలకు క్యూఎల్‌సీ చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది వేడితో. ఫ్లాష్ గదిలో బంధించిన ఆవేశం నెమ్మదిగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా కారుతుంది. చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు రాసే జెడెక్ నియమం ప్రకారం, రాతల పరిమితి పూర్తయిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడాది పాటు డేటాను నిలపగలగాలి. ధర్మవరం, పెనుకొండ వైపు వేసవిలో పగటి ఎండ ఆ అంకెను దాటి 40 డిగ్రీల దాకా వెళ్తుంది. పూర్తయిన పాటల అసలు ట్రాకులను బీరువాలో పడేసిన ఎస్‌ఎస్‌డీకి వదిలేయకుండా, మామూలు హార్డ్‌డిస్కు మీద ఇంకో నకలు తీసిపెట్టుకోవాలి.